కొండ దిగే లోడు బండికి ఏ ప్యాడ్లు?

ప్రశ్న: నా పికప్ బండికి ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చాలి. ఎక్కువ రోజులు నిండు లోడుతోనే తిరుగుతాను. దారిలో పొడవాటి కొండ దిగాలి. కిందికి వచ్చేసరికి పెడల్ గట్టిగానే తగులుతుంది కానీ, బండి మాత్రం జారిపోతూనే ఉంటుంది. సిరామిక్ వేయించుకో, చప్పుడు ఉండదు అని స్పేర్ పార్టుల షాపులో అంటున్నారు. తోటి డ్రైవరేమో సెమీ మెటాలిక్ వేయమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: డ్రైవరు మాటే వినండి. చప్పుడు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు బండి ఆగాలి కదా!

పెడల్ గట్టిగా ఉండి కూడా బండి ఆగడం లేదని రాశారు చూడండి, నాకు కావలసిన సమాచారం అదే. అంటే వేడికి ప్యాడ్ పట్టు పోతోంది. అదే పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంటే నేను ప్యాడ్ల జోలికి పోకుండా ముందు బ్రేక్ ఆయిల్ మార్చమనేవాణ్ణి. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది, అప్పుడు తక్కువ వేడికే మరిగి బుడగలు కట్టి పెడల్ మెత్తబడుతుంది. కొత్త డాట్ 3 రకం ఆయిల్ మరిగే వేడి కనీసం 205 డిగ్రీలు ఉండాలి, తేమ పట్టాక అది 140కి దిగొచ్చు. డాట్ 4 అయితే 230, 155. మీ బండికి ఏది వాడాలో బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. మార్చి రెండేళ్లు దాటితే ఈ పనితో పాటే మార్చేయండి.

ఇక ప్యాడ్లు. ఆర్గానిక్ రకం మెత్తన, చప్పుడు చేయదు, కానీ వేడికి తొందరగా పట్టు వదిలేస్తుంది, త్వరగా అరుగుతుంది కూడా. లోడు బండికి అది వద్దు. సిరామిక్ వేస్తే చక్రాలకు నల్లటి పొడి అంటదు, కీచుమనడం తక్కువ. మనుషుల్ని ఎక్కించుకుని తిరిగే బండికి హాయిగా సరిపోతుంది. సెమీ మెటాలిక్‌లో ఉక్కు పీచు, ఇనుప పొడి లాంటివి బాగా కలుస్తాయి. లోహం వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి బరువుతో కొండ దిగేటప్పుడు ఇదే నిలబడుతుంది. ప్యాడ్ నొక్కే డిస్క్ కాస్త ఎక్కువ అరుగుతుంది, పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమంటుంది. మీ పనికి ఆ మాత్రం భరించాల్సిందే.

షాపులో డబ్బా మీద బొమ్మ చూసి తెచ్చుకోకండి. చాలా కంపెనీల ప్యాడ్ల అంచు మీదో వెనక రేకు మీదో చిన్న అక్షరాల్లో ఒక కోడ్ అచ్చు వేసి ఉంటుంది. దాని చివర ఎఫ్ఎఫ్ (FF), జీఎఫ్ (GF), ఎఫ్ఈ (FE) ఇలా రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాగాక పట్టు. E అంటే పట్టు అంకె (ఘర్షణ గుణకం) 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే అంతకన్నా ఎక్కువ. మీరు రెండో అక్షరం చూడండి. ఎఫ్ఈ అని ఉంటే వేడెక్కాక పట్టు తగ్గుతుందని కంపెనీయే చెబుతున్నట్టు. బండితో వచ్చిన ప్యాడ్ల మీద ఏముందో చూసి, అంతకు తగ్గకుండా తీసుకోండి.

అయితే ముందు చక్రాలకే ఎందుకంత భారం పడుతోందో కూడా చూడాలి. చాలా పికప్‌లకు వెనక డ్రమ్ము బ్రేకులే. లోడు వేశాక బరువు వెనక్కి పడుతుంది కాబట్టి వెనక బ్రేకులు గట్టిగా పనిచేయాలి. అక్కడ లైనర్లు (డ్రమ్ముకు లోపల రాసుకునే పట్టీలు) అరిగినా, అడ్జస్ట్‌మెంట్ వదులైనా పనంతా ముందు ప్యాడ్ల మీదే పడుతుంది. హ్యాండ్ బ్రేక్ మరీ పైదాకా లాగాల్సి వస్తోందా? అలాగైతే డ్రమ్ములు విప్పించి చూడండి. కొత్త ప్యాడ్లు వేయించేసి తీరా చూస్తే లోపం వెనక ఉన్న బండ్లు నా దగ్గరికి చాలానే వచ్చాయి.

కొండ దిగేటప్పుడు ముందే చిన్న గేరులోకి మార్చి దిగండి. వేగం రెట్టింపైతే బ్రేకు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. దానికి ఏ ప్యాడూ తట్టుకోదు.

ప్రశ్న: నా బండికి ముందు ఎడమ చక్రం లోపలి ప్యాడ్ ఒక్కటే రేకుదాకా అరిగింది, మిగతావి సగం ఉన్నాయి. ఆ చక్రానికి మాత్రమే మార్చుకోవచ్చా?

జవాబు: కుదరదు. ముందు రెండు చక్రాలకూ కలిపే మార్చాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడల్లా బండి ఒక పక్కకు లాగుతుంది. లోపలిదే అరిగిందంటే క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) జారే పిన్నులు బిగుసుకున్నాయేమో, పిస్టన్ వెనక్కి రావడం లేదేమో చూడాలి. పిన్ను చేత్తో తోస్తే జారాలి. దానికి బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజే పెట్టించండి, మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. రేకు రాసుకుంది కాబట్టి డిస్క్ మీద గాడులు పడి ఉంటాయి. కనీసం ఎంత మందం ఉండాలో చాలా డిస్కుల మీదే చెక్కి ఉంటుంది, కొలిచాక అంతకు తగ్గితే డిస్కులు కూడా జతగా మార్చాల్సిందే. ప్యాడ్లు మార్చాక మొదటిసారి పెడల్ నేలదాకా పోతుంది. బండి కదిలించకముందే అది గట్టిపడేదాకా తొక్కండి.