పండగ సీసా: మీరడిగారు, చెబుతున్నా

క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా నాకు ఉత్తరాలు ఎక్కువ. ముప్పై ఒక్క ఏళ్లు మద్రాసులో, బెంగళూరులో హోటళ్ల బార్లలో గ్లాసులు తుడిచి, పెగ్గులు కొలిచి, ఇప్పుడు కావలిలో ఇంటిపట్టున ఉంటున్న మనిషిని. ఈసారి వచ్చినవాటిలో ఆరు ఎంచాను. ఒకటి తిట్టు. దాన్ని చివర పెట్టుకున్నా.

మా అల్లుడు పండక్కి వస్తున్నాడు. వైన్ తప్ప ఇంకేదీ ముట్టడని అమ్మాయి చెప్పింది. మా ఇంట్లో వైన్ సీసా చూసిన పాపాన పోలేదు. కనుమ రోజు చేపల పులుసు, నాటుకోడి ఉంటాయి. ఏది తేవాలి? ఖరీదైనది తెస్తేనే మర్యాదా?
— ఒక మామగారు, పొదలకూరు

మామగారూ, ముందు ఒక మాట. మన దగ్గర బోర్డు మీద వైన్ షాపు అనే ఉంటుంది గానీ, లోపల వైన్ అడిగితే కౌంటర్లో కుర్రాడు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. అల్లుడు దిగాక పరిగెత్తకుండా, నెల్లూరు వెళ్లిన రోజే పెద్ద షాపులో చూసి పెట్టుకోండి.

మనకు వైన్ అంటే ఎర్రదే. ఆ ఎర్రదాంట్లో ద్రాక్ష తొక్క, గింజల వగరు దిగి ఉంటుంది. పచ్చి వక్క నమిలితే నాలుక పట్టేస్తుందే, అదే వగరు. ఎర్ర కారం పక్కన ఆ వగరు చేరితే కారం ఇంకా మండుతుంది. చేపతో అయితే మరీ చేటు. ఎర్ర వైన్‌లో ఉండే ఇనుము చేప నూనెతో కలిస్తే నోట్లో నీచు, లోహం రుచి వస్తుంది. బెంగళూరులో ఒకసారి మన నెల్లూరు కుటుంబం ఒకటి భోజనానికి వచ్చింది. పెద్దాయన మెనూలో అన్నిటికన్నా ఖరీదైన ఫ్రెంచి ఎర్ర వైన్ చూపించాడు. ముందు చేపల పులుసు వచ్చింది. ఒక ముద్ద తిని, ఒక గుక్క తాగి నా వంక చూసి, "ఏందబ్బా ఇది, తాళంచెవి నాకినట్టుండాదే" అన్నాడు. నేను నవ్వకూడదు కాబట్టి నవ్వలేదు. సీసా పక్కన పెట్టి చల్లటి తెల్ల వైన్ పోశాను. బిల్లు పెద్ద సీసాకే పడింది గానీ ఆయన తాగింది చిన్న సీసానే.

కాబట్టి మీరు తెల్లది తీసుకోండి. షెనిన్ బ్లాంక్ అని లేబులు మీద ఉంటుంది, అది ద్రాక్ష రకం పేరు. నాసిక్‌లో 1999లో మొదలైన సూలా వాళ్లు చేస్తారు, ఇంకా ఒకరిద్దరు చేస్తారు. కాస్త తీపి, కాస్త పులుపు ఉండేది అయితే మామిడికాయ వేసిన చింతపండు పులుసుకు ఎదురు నిలబడుతుంది. పులుపు లేని వైన్ మన పులుసు పక్కన నీళ్లలా ఉంటుంది. నాటుకోడి దగ్గర కూడా అదే సీసా నడుస్తుంది. అల్లుడు ఎర్రదే కావాలంటే వగరు తక్కువది చూడండి, దాన్నీ అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. ఎర్ర వైన్ గది వేడిలోనే తాగాలని పుస్తకాల్లో రాసేది యూరప్ గదుల గురించి. అంటే 16, 18 డిగ్రీలు. మన పొదలకూరులో జనవరి మధ్యాహ్నం కూడా ఆ గది దొరకదు.

తెల్లదాన్ని రెండున్నర గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. మర్చిపోయారా, బక్కెట్టులో ఐసు, నీళ్లు సగం సగం పోసి, గుప్పెడు కల్లుప్పు వేసి మెడదాకా ముంచండి. ఇరవై నిమిషాల్లో చల్లబడుతుంది. ఉత్త ఐసు గడ్డల్లో గుచ్చితే ఇంకా ఎక్కువసేపు పడుతుంది, నీళ్లుంటేనే చలి గాజంతా పట్టుకుంటుంది. 750 మిల్లీలీటర్ల సీసాకు అయిదు గ్లాసులు వస్తాయి. అల్లుడొక్కడే అయితే ఒకటి చాలు. మిగిలింది మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు బాగుంటుంది, తర్వాత పులిసిపోతుంది. మూత తిప్పి తీసేదే కొనండి. కార్కు ఉన్న సీసా తెచ్చి, కార్కు తీసే మర లేక స్క్రూడ్రైవరుతో కార్కును లోపలికి పొడిచిన మామగార్లు నాకు ఇద్దరు తెలుసు.

ఇక మర్యాద సంగతి. భోగి నాడు, పెద్ద పండగ నాడు సీసా బయటికి తీయకండి, పెద్దలకు పెట్టుకునే రోజులవి. కనుమ రోజు మధ్యాహ్నం చల్లగా తీసి పెట్టారంటే అంతకు మించిన మర్యాద లేదు.

మేం ఆరుగురం స్నేహితులం. డిసెంబరు 31 రాత్రి మైపాడు బీచికి పోదామనుకుంటున్నాం. మాలో ఎవరూ విస్కీ ముట్టరు, బీరు మాత్రమే. స్ట్రాంగ్ తేవాలా, మామూలుదా? ఒక్కొక్కరికి ఎన్ని?
— కావలి కుర్రాళ్లు

మా ఊరి కుర్రాళ్లే కాబట్టి చెబుతున్నా. అందరికీ 21 నిండాయనే అనుకుంటున్నా, నిండకపోతే మన రాష్ట్రంలో షాపువాడు మీకు అమ్మకూడదు.

"బీరేగా" అనే మాటే మిమ్మల్ని ముంచేది. లెక్క వేద్దాం రండి. 650 మిల్లీలీటర్ల మామూలు బీరులో ఆల్కహాలు 5 శాతం అనుకోండి, మొత్తం 32 మిల్లీలీటర్ల పైచిలుకు. స్ట్రాంగ్ సీసా మీద 7.5 అని ఉంటే దాదాపు 49. ఇప్పుడు విస్కీ సీసా తిప్పి చూడండి, 42.8 శాతం అని ఉంటుంది. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో పదమూడుకు కాస్త తక్కువ. అంటే ఒక స్ట్రాంగ్ బీరు అంటే నాలుగు చిన్న పెగ్గులకు రవ్వంత తక్కువ. రెండు తాగినవాడు 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసా ఖాళీ చేసి, ఇంకో పెగ్గున్నర పైన వేసుకున్నట్టు. విస్కీ ముట్టనివాడు కూడా తెల్లారేసరికి ఎందుకు కక్కుకుంటాడో ఇప్పుడు తెలిసిందా?

మామూలుదే తెచ్చుకోండి, ఒక్కొక్కరికి ఒకటి, మహా అయితే ఒకటిన్నర. కొనేటప్పుడు లేబులు మీద తేదీ చూడండి. బీరు విస్కీ లాంటిది కాదు, పాతబడితే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. పచ్చ సీసాలు ఎండలో పెట్టిన షాపులో అసలు కొనకండి. వెలుతురు తగిలితే అందులో చేదు కోసం వేసే హాప్స్ పాడై కంపు కొడుతుంది, ముదురు గోధుమరంగు సీసా ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది. త్వరగా చల్లబడాలని ఫ్రీజరులో పెట్టి మర్చిపోకండి, గడ్డకట్టి పగులుతుంది. నేను హోటల్లో చేరిన మొదటి నెలలో పదకొండు సీసాలు అట్టాగే పగలగొట్టి జీతంలో కోయించుకున్నాను.

ఇక బీచి. బహిరంగంగా తాగితే పోలీసులు ఎత్తుకుపోతారు. తాగి సముద్రంలో దిగడం గురించి నేను చెప్పక్కర్లేదు. నెల్లూరు నుంచి మైపాడుకు పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది, బండి నడిపేవాడి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. మొదటిసారికే పదివేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. మీలో ఎవరిదైనా మేడ ఉంటే అక్కడ కూర్చోండి. వేయించిన రొయ్యలు తెచ్చుకోండి, కడుపు నింపుకున్నాకే మూత తీయండి.

మా అమ్మమ్మ క్రిస్మస్‌కు జాడీలో నల్లద్రాక్ష, చక్కెర, ఈస్టు వేసి 21 రోజులు కట్టి వైన్ చేసేది. నేనూ చేయవచ్చా? మా ఇంటికి వచ్చేవాళ్లలో సగం మంది తాగరు.
— ఒక సోదరి, ఒంగోలు

అమ్మా, లైసెన్సు లేకుండా ఇంట్లో పులియబెట్టడం ఎక్సైజు చట్టం ఒప్పుకోదు. అమ్మమ్మల కాలంలో ఎవరూ అడగలేదంతే. పైగా పులియడం ఆగకముందే సీసాల్లో పోసి బిగిస్తే లోపల గ్యాసు పట్టి సీసా పేలుతుంది.

దానికి బదులు ఇది చేయండి. కిలో నల్లద్రాక్ష, రెండు గ్లాసుల నీళ్లు, నాలుగు లవంగాలు, వేలెడు దాల్చినచెక్క వేసి తొక్క చిట్లేదాకా, పది పన్నెండు నిమిషాలు ఉడికించండి. గరిటెతో నలిపి, పల్చటి గుడ్డలో వడగట్టి, నూటయాభై గ్రాముల చక్కెర కరిగించి చల్లార్చండి. వడ్డించేటప్పుడు సగం ఇది, సగం చల్లటి సోడా, పైన నిమ్మ చెక్క పిండండి. ఫ్రిజ్‌లో రెండు రోజులే ఉంచండి, ఆపైన అదే పులియడం మొదలెడుతుంది.

ఒకటి మాత్రం గుర్తు పెట్టుకోండి. తాగేవాళ్లకు కాడ గ్లాసు, తాగనివాళ్లకు స్టీలు గ్లాసులో కూల్‌డ్రింకు ఇస్తారు చూడండి, అది నాకు ఒళ్లు మంట. అందరికీ ఒకే గ్లాసు ఇవ్వండి. ఎవరి గ్లాసులో ఏముందో ఎవరికీ తెలియక్కర్లేదు.

మా నాయనకు 2009లో ఒకాయన 12 ఏళ్ల స్కాచ్ ఇచ్చాడు. విప్పలేదు, బీరువాలోనే ఉంది. ఇప్పుడది 28 ఏళ్ల స్కాచ్ అయిందని మా బావ అంటున్నాడు. మా పెదనాన్న షష్టిపూర్తికి ఇవ్వాలని ఉంది.
— ఒక పాఠకుడు, టంగుటూరు

మీ బావకు నా నమస్కారాలు. కానీ అది ఇప్పటికీ 12 ఏళ్ల స్కాచే. విస్కీకి వయసు పెరిగేది చెక్క పీపాలో ఉన్నన్నాళ్లే, గాజులోకి దిగిన రోజున దాని వయసు ఆగిపోయింది. సీసా మీది 12 కూడా సరాసరి లెక్క కాదు, అందులో కలిపిన వాటిల్లో అన్నిటికన్నా చిన్నదాని వయసు అది. సీలు బాగుండి, మెడ దాకా నిండుగా ఉంటే నిక్షేపంగా ఇవ్వొచ్చు. మట్టం దిగిపోయి ఉంటే కార్కు ఎండిపోయిందని అర్థం. వైన్‌ను పడుకోబెడతారు, విస్కీని నిలబెట్టాలి. మీ బీరువాలో అది చీరల మధ్య పడుకుని ఉంటుందని నా అనుమానం.

కొత్తది కొనేట్టయితే మన దేశపు సింగిల్ మాల్ట్ చూడండి, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీతో చేసే విస్కీ. బెంగళూరు అమృత్ వాళ్లు తమ సింగిల్ మాల్ట్‌ను 2004లో మొట్టమొదట గ్లాస్గోలో, స్కాచ్ వాళ్ల గడపలోనే పెట్టారు. మన ఎండకు పీపాలోంచి ఏటా పదో వంతు దాకా ఆవిరైపోతుంది, స్కాట్లండు చలిలో అయితే రెండు శాతం. అందుకే మనది నాలుగైదేళ్లకే ముదురుతుంది. షాపులో చవగ్గా దొరికే మన విస్కీ, బ్రాందీల్లో చాలావాటికి మూలం చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిటు. అట్టాంటిదాన్ని విస్కీ అని పిలవడానికి యూరప్ ఒప్పుకోదు.

అయినా ఇదంతా పక్కన పెట్టి, పెదనాన్న ముప్పై ఏళ్లుగా ఏం తాగుతున్నాడో పెద్దమ్మను అడగండి. బ్రాందీ మనిషికి స్కాచ్ ఇస్తే ఆయన దాన్ని ఇంకొకరి షష్టిపూర్తికి ఇస్తాడు. అసలు డాక్టరు మానేయమన్నాడేమో, అదీ పెద్దమ్మకే తెలుసు. అట్టయితే పంచె చాపు పెట్టండి.

పెళ్లి విందుకు మిలిటరీ క్యాంటీను సీసాలు, పాండిచ్చేరి సీసాలు సగం ధరకు ఇస్తానంటున్నాడు ఒకతను.
— పేరు వద్దన్నారు, నెల్లూరు

వద్దు. క్యాంటీనుది సైనికులకు తప్ప అమ్మకూడదని లేబులు మీదే ఉంటుంది. మన రాష్ట్రం బయటి సరుకు మన చెక్‌పోస్టులో పట్టుబడితే కల్యాణమండపం నుంచి నేరుగా స్టేషనుకే. లేబులు, సీలు సరిగా లేనిదైతే లోపల ఏం పోశారో దేవుడికే తెలియాలి. కల్తీలో మిథైల్ ఆల్కహాలు ఉంటే కళ్లు పోతాయి, ప్రాణమే పోతుంది.

మాది కలిగిరి దగ్గర. 1992లో మా అమ్మ, పిన్నమ్మలు చీపుళ్లు పట్టుకుని సారా కొట్టు ముందు కూర్చున్నారు. ఆ జిల్లాలో ఉండి ఏ సీసా మంచిదో చెప్పడానికి మీకు మనసెట్టా వచ్చింది?
— ఒక అక్క

అక్కా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

మాదీ ఉదయగిరి పక్క ఊరే. మా అమ్మ నలభై అయిదేళ్లకు అక్షరదీపం రాత్రి బడిలో అక్షరాలు దిద్దింది. దూబగుంటలో రోశమ్మ వాళ్లు సారా కొట్ల మీద పోరు మొదలుపెట్టారన్న కబురు మా ఊరికి రాగానే అమ్మా లేచింది. నేనప్పుడు మద్రాసు హోటల్లో పెగ్గులు కొలుస్తున్నా. ఇంటికి మాత్రం "హోటల్లో పని" అని రాసేవాణ్ణి, అమ్మ వంటపని అనుకునేది. ఆమె చేత్తో రాసిన మొదటి కార్డు నాకు అప్పుడే వచ్చింది. రెండే ముక్కలు. "సారా కొట్టు మూసినాం. నువ్వు బాగుండావా." జవాబు రాయడానికి నాకు నెల పట్టింది.

1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆపేశారు. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ మధ్యలో ఒక సంక్రాంతికి నేను ఊరికొచ్చేసరికి నా పనేందో ఎవరో అమ్మ చెవిన వేశారు. ఆ రోజు ఏమీ అడగలేదు. కనుమ నాడు అన్నం వడ్డిస్తా, "నువ్వు పోసేవోళ్ల ఇళ్లల్లో అన్నం ఉంటదా?" అంది. "ఉంటదమ్మా, వాళ్లు డబ్బున్నోళ్లు" అన్నాను. మాట్లాడకుండా లేచి వాకిట్లోకి పోయింది.

కొనేవాళ్లు ఎట్టాగూ కొంటున్నారు, కనీసం లేబులు చదివి, లెక్క తెలిసి, కాస్త తక్కువ కొంటారని రాస్తున్నా. ఇది మీకు సాకులాగా వినబడితే తప్పు మీది కాదు.

ఆమె ఉన్నన్నాళ్లూ ఇంట్లో సీసా పెట్టలేదు. పోయి ఆరేళ్లయింది. కావలి ఇల్లు కట్టేటప్పుడు సీసాలకని నేను చేయించుకున్న గాజు తలుపుల అరలో ఇప్పటికీ ఆమె మాగాయ జాడీలే ఉన్నాయి.