మూత్ర పరీక్ష పట్టీ చెప్పనిది

మీ అబ్బాయి హాస్టల్ పెట్టెలో గంజాయి దొరికిందని, ఇంటికి తీసుకొచ్చి పది రోజులైనా తలెత్తి మాట్లాడడం లేదని, ఆసుపత్రికి వెళితే పోలీసు కేసవుతుందేమోనని భయంగా ఉందని రాశారు. నాలుగేళ్ల కిందట మా ఇంట్లోనూ ఇదే పరిస్థితి.

ముందు కేసు సంగతి. మాదకద్రవ్యాలపై 1985లో వచ్చిన చట్టంలోనే 64ఏ అనే సెక్షన్ ఉంది. తాను వాడినందుకో, స్వల్ప పరిమాణం దగ్గరున్నందుకో నేరారోపణకు లోనైన వ్యసనపరుడు ప్రభుత్వ ఆసుపత్రిలో గాని, ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట గాని తనంతట తాను చికిత్సకు చేరితే ఆ సెక్షన్ విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. స్నేహితులకు అమ్మిన సంగతేమైనా బయటపడితే మాత్రం ముందుగా న్యాయవాదిని కలవండి.

నేను చేసిన తప్పు చెబుతాను. మానేశానని మా వాడు ఒట్టు వేసిన పంతొమ్మిదో రోజున మందుల దుకాణంలో మూత్ర పరీక్ష కిట్ కొని తెచ్చి, స్నానాల గది తలుపు దగ్గర కాపలా ఉండి మరీ చేయించాను. పట్టీ మీద రెండో గీత పడలేదు. గీత పడకపోతే గంజాయి ఉన్నట్టు లెక్క. వాళ్లమ్మ ఎదుటే చెంప పగలగొట్టాను. వాడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ తరువాత మానసిక వైద్యుడు చెబితే తెలిసింది, రోజూ తాగినవారి ఒంట్లో కొవ్వులో పేరుకున్న పదార్థం, మానేసిన మూడు నాలుగు వారాలకు కూడా మూత్రంలో కనిపించవచ్చని. ఆ రోజు వాడు నిజం చెప్పాడో అబద్ధమాడాడో ఆ పట్టీ తేల్చలేదు, నేనే తేల్చేశాను.

మానేసిన మొదటి రెండు వారాల్లో నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, ముట్టుకుంటే చిరాకు సహజం కనుక మీరు చూస్తున్న మౌనం పొగరు కాకపోవచ్చు. గంజాయి మాన్పించే మాత్ర అంటూ ప్రత్యేకంగా ఏదీ లేదు, కౌన్సెలింగే ప్రధానం. ఎవరైనా అలాంటి మందు అమ్మజూపితే నమ్మకండి. విశాఖ చినవాల్తేరు, హైదరాబాద్ ఎర్రగడ్డల్లోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రులలో చూపించవచ్చు. వెళ్లేలోగా మత్తు అలవాటు మాన్పించే ప్రభుత్వ సహాయ నంబరు 14446కు, లేదా మానసిక ఆరోగ్య సలహాలిచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి మాట్లాడండి. ఎవరో వెంటాడుతున్నారని గాని, చచ్చిపోతానని గాని అంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకెళ్లండి.

చేతికి డబ్బివ్వడం మేము ఆపాము, ఫీజు నేరుగా కట్టాము. గదిని, ఫోన్‌ను వెతకడం మాత్రం మానేశాము. బంధువులు ఊరికి పంపెయ్యమన్నారు గాని, ఊళ్లో గంజాయి దొరకదని వాళ్లకెవరు చెప్పారో!

ఆ తరువాత కూడా మా వాడు రెండుసార్లు తప్పాడు. మొదటిసారి మేమే పసిగట్టాము. రెండోసారి రాత్రి పదకొండు గంటలకు తానే వచ్చి, నా మంచం అంచున కూర్చుని చెప్పాడు. మర్నాడు ఉదయం ఇద్దరం ఓపీకి వెళ్లాము.