కల్యాణ మండపానికి ఈటీఎఫ్ఈ ఫిల్మ్ కప్పు మన ఎండలకు తట్టుకుంటుందా?

కడపలో కట్టబోయే పెద్ద హాలుకు గాజు బదులు ఈటీఎఫ్ఈ అనే పారదర్శక ప్లాస్టిక్ ఫిల్మ్ కప్పు వేయొచ్చా అని అడిగారు. అది నేను వేయించలేదు. కానీ అనంతపురంలో మా చిన్నాయన కల్యాణ మండపం నడిమి ఖాళీకి పాలికార్బొనేట్ అనే గట్టి పారదర్శక ప్లాస్టిక్ షీట్లు వేయించి ఆరేళ్లు తిట్లు తిన్నాను, ఆ తర్వాత బర్మింగ్‌హామ్‌లో మా బావ దగ్గరికి పోయినప్పుడు న్యూ స్ట్రీట్ రైల్వే స్టేషన్లో ఈ ఫిల్మ్ కప్పు కింద మెడ పట్టేసేదాకా నిలబడి చూశాను, ఆ మాత్రం అర్హతతో చెబుతున్నా.

మా తప్పు ముందు చెప్తా. ఆ షీట్లకు ఎండ దెబ్బ తగలకుండా కాచే యూవీ పూత ఒక వైపే ఉంటుంది, అది ఆకాశం వైపు ఉండాలి. మా ఫిట్టర్ తిరగేసి బిగించాడు, మాకు తెలియదు. మూడో ఎండాకాలానికే పసుపు నీళ్లలో ముంచి తీసినట్టయింది. అంచులకు టేపు కూడా వేయలేదేమో, షీట్ల లోపల బోలుగా ఉండే గొట్టాల్లోకి దుమ్ము, నాచు చేరాయి. ఇక వేడి! ఓ మే నెల ముహూర్తానికి పెళ్లికొడుకు వాళ్లంతా బయట వేపచెట్టు కిందే కూర్చున్నారు, చిన్నాయన చెమట తుడుచుకుంటూ "ఏం రా, కప్పు వేయించినావా, పొయ్యి పెట్టించినావా?" అన్నాడు.

ఈటీఎఫ్ఈకి ఆ పసుపు జబ్బు రాదు, ఎండకు చెడిపోని రకం ప్లాస్టిక్ అది. ఇంగ్లండ్‌లో 2001లో తెరిచిన ఈడెన్ ప్రాజెక్ట్ అనే మొక్కల తోట గుమ్మటాలు దీంతో చేసినవే. పొలాల్లో పాలీహౌస్ మీద కప్పే పాలిథీన్ లాంటిదే కదా అనుకోవద్దు, అది నాలుగేళ్లకే పేలికలవుతుంది. బరువు సంగతి చూస్తే 200 మైక్రాన్ల ఈటీఎఫ్ఈ పొర చదరపు మీటరుకు సుమారు 350 గ్రాములు, మూడు పొరలేసినా కిలోకి కాస్త ఎక్కువ. అదే 6 మిల్లీమీటర్ల గాజయితే 15 కిలోలు. అందుకే కింద ఇనుము తగ్గుతుంది, మ్యూనిక్‌లో అలియాంజ్ అరీనా ఫుట్‌బాల్ స్టేడియం, బీజింగ్‌లో 2008 ఒలింపిక్స్ ఈత కొలను లాంటివి దీంతో కట్టగలిగారు.

అయితే చాలా చోట్ల ఇది ఊరికే పరిచే ఫిల్మ్ కాదు, పొరల మధ్య గాలి నింపిన దిండు. గాలి కొద్దికొద్దిగా కారిపోతూ ఉంటుంది కాబట్టి గాలి ఊదే బ్లోయర్ ఎప్పటికప్పుడు నింపుతూ ఉండాలి. కరెంటు పోయి జనరేటర్‌లో డీజిల్ లేని రోజు మన దగ్గర ఉండనే ఉంటుంది, దిండు మెత్తబడ్డ ఆ గంటలోనే వాన పడితే నీళ్లు గుంటలా నిలుస్తాయి. 2016 ఆగస్టులో మాంచెస్టర్ విక్టోరియా స్టేషన్లో పెద్ద వానకు ఇలాంటి కప్పులో కొంత భాగం విఫలమై, నీళ్లు మీద పడి కిందున్నవాళ్లకు దెబ్బలు తగిలాయి. కాబట్టి ధర కంటే ముందు నీటి దారి, బ్లోయర్ మెయింటెనెన్స్ అడగండి.

వాన పడితే దానంతటదే కడుక్కుంటుందని కంపెనీల వాళ్లు చెబుతారు. నిజమే, జారుడు ఫిల్మ్, దుమ్ము అంటుకోదు. కానీ జనవరి నుంచి జూన్ దాకా మనకు ఆ వాన ఏదీ? కడిగే ఖర్చు, పైకెక్కే దారి లెక్కలో వేసుకోండి. వాన పడ్డప్పుడు డప్పు మోతే, ఆపడానికి పైన వల లాంటిది వేస్తారట. పక్షులు పొడవకుండా తీగలు కడతారు, మన కోతులకు ఏం కడతారో మరి. నిప్పంటుకుంటే ఫిల్మ్ కరిగి ముడుచుకుపోతుంది, పొగ పైకి పోతుంది, అది మంచిదే. బరాత్‌లో వదిలిన తారాజువ్వ పడితే మాత్రం చిల్లే. చిన్న చిల్లులకు టేపు అతికిస్తే సరిపోతుంది.

అసలు చిక్కు వేడి. చలిదేశాల వాళ్లు ఈ గాలి దిండుతో వెచ్చదనం దాచుకుంటారు, మనం దాచుకోవాల్సింది నీడ. ఫిల్మ్ మీద వెండి చుక్కలు అచ్చేసి ఎండ తగ్గించొచ్చు, అయినా హాలంతా దీంతో కప్పితే ఏసీ బిల్లు కట్టేవాడి ఉసురు తగులుతుంది. మా అవ్వ మట్టిమిద్దెలో వెలుతురు కోసం మిద్దె కప్పులో పెట్టిన జానెడు గవాచి ఒక్కటే ఉండేది, వంటింటికంతా అదే వెలుతురు.

మేమైతే ఆ షీట్లు పీకేసి, రెండు రేకుల మధ్య నురుగు నింపి వేడిని ఆపే పఫ్ ప్యానెళ్లు వేయించాం, ఉత్తరం వైపు నాలుగడుగుల పట్టీ మాత్రం వెలుతురుకు వదిలాం. మీ హాలుకు ఈటీఎఫ్ఈ వాడాలనే ఉంటే అలాంటి పట్టీకే వాడండి. ఫొటోగ్రాఫర్లు కూడా ఇప్పుడు పెళ్లికూతుర్ని ఆ పట్టీ కిందికే తెచ్చి నిలబెడుతున్నారు.