అర్థమైందా అని అడగడం మానెయ్

అమ్మలూ,

నీ మెసేజ్ రాత్రి చదివాను. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని కాయితం మీద రాస్తున్నాను. "పాఠం బాగానే చెప్తున్నాననిపిస్తోంది పెద్దమ్మా, పేపర్లు దిద్దుతుంటే మాత్రం ఏడుపొస్తోంది" అన్నావు. ఆ అనిపించడం దగ్గరే ఉంది చిక్కంతా.

ముప్పై రెండేళ్లు ఫిజికల్ సైన్స్ చెప్పాను కదా, మొదటి ఏడెనిమిదేళ్లు నాకూ బాగానే అనిపించేది. ఒకరోజు మీ పెదనాన్న టేప్ రికార్డర్‌ను టేబుల్ సొరుగులో పెట్టి తొమ్మిదో తరగతి పీరియడ్ మొత్తం రికార్డు చేశాను. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని విన్నాను. "అర్థమైందా?" అని ఇరవై ఆరుసార్లు అడిగాను. ఇరవై ఆరుసార్లూ క్లాసంతా "అర్థమైంది టీచర్" అని రాగం తీసింది. నిజంగా ఎవరికి అర్థమైందో ఒక్కరి గురించి కూడా చెప్పలేకపోయాను.

ఇంకోటి, ప్రశ్న అడిగి ఊపిరి పీల్చేలోపే నేనే జవాబు చెప్పేస్తున్నాను. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లోనే దీన్ని కొలిచారని చాలా కాలానికి తెలిసింది. టీచర్లు సగటున ఒక సెకను ఆగుతున్నారట. మూడు సెకన్లు ఆగితే పిల్లలు పెద్ద జవాబులు చెప్పారు, నోరు విప్పనివాళ్లు తగ్గారు. మూడు సెకన్లే కదా అనుకోకు, క్లాసులో నిలబడితే యుగంలా ఉంటుంది. నేనైతే మనసులో సింహాద్రి అప్పన్నను మూడుసార్లు తలుచుకునేదాన్ని.

టేపు చివర్లో జాలరిపేట కుర్రాడి గొంతు. "టీచర్, ఇనుము ములిగిపోద్ది కదా, మరి హార్బర్లో అంత ఓడ ఎలా తేల్తంది?" నేను "తర్వాత చూద్దాం" అన్నాను. సాంద్రత పాఠం చెప్తూ! ఆ ప్రశ్న విన్న గుర్తు కూడా నాకు లేదు. మర్నాడు బకెట్ నీళ్లలో మేకు వేస్తే మునిగింది, స్టీలు గిన్నె తేలింది, గిన్నెలో నీళ్లు నింపితే అదీ మునిగింది. లోపలి గాలితో కలిపి గిన్నె సాంద్రత ఎంత అన్న మాట పిల్లలే తీసుకొచ్చారు. 2002లో విశాఖ బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం అయ్యాక నా పని ఇంకా సులువైంది. సబ్‌మెరైన్ ట్యాంకుల్లోకి నీళ్లు వదిలితే కిందికి పోతుంది, ఆ నీళ్లను గాలితో తోసేస్తే పైకి వస్తుంది.

సరే, నీ సంగతి. వారానికి ఒక్క పీరియడ్ చాలు. హెచ్.ఎం. గారికి చెప్పి ఫోన్‌లో వాయిస్ మాత్రం రికార్డు చెయ్. విన్నాక తీసెయ్, పిల్లల గొంతులు ఎవరికీ పంపకు. మొదటిసారి నీ గొంతు నీకే నచ్చదు, దాన్ని పట్టించుకోకు. వింటూ బెంచీల బొమ్మ గీసి, మాట్లాడిన పిల్లల దగ్గర చుక్క పెట్టు. నాకు చుక్కలన్నీ ముందు రెండు వరసల్లోనే పడ్డాయి. కిటికీ పక్క ఆడపిల్లల దగ్గర ఒక్కటీ లేదు.

నోట్‌బుక్‌లో "పాఠం బాగా జరిగింది", "పిల్లలు అల్లరి చేశారు" అని రాయకు. "ద్రవ్యరాశి, బరువు ఒకటేనా అంటే వెనక ముగ్గురు ఒకటే అన్నారు. నేను నిర్వచనం మళ్లీ చదివాను" అని రాయి. ఆ రెండో వాక్యం చూస్తే ఏం మార్చాలో నీకే తెలుస్తుంది. వారానికి ఒక్కటే మార్చు. నేనోసారి ఉత్సాహంకొద్దీ ఐదు మార్చాను, పిల్లలు, నేను కలిసి తికమకపడ్డాం.

తోటి టీచర్‌ను వెనక కూర్చోబెట్టుకోవడం మంచిదే. కానీ "ఎలా ఉంది?" అని అడిగితే "సూపర్" అంటుంది. ప్రశ్న అడిగాక ఎన్ని సెకన్లు ఆగుతున్నానో లెక్కపెట్టమని చెప్పు.

ఇక "అర్థమైందా" బదులు, బెల్లుకు ఐదు నిమిషాల ముందు చిత్తుకాగితం ముక్క మీద ఒకే ప్రశ్నకు జవాబు రాయించు. పేర్లు వద్దు, మార్కులు అసలే వద్దు. గాజువాకలో బస్సెక్కి ఎన్ఏడీ జంక్షన్ దాటేలోపు నలభై ముక్కలూ చూసేయొచ్చు, సీటు దొరికితే.

ఆదివారం ఆ చుక్కల కాయితం పట్టుకుని రా. చేపల పులుసు పెడతాను.

పెద్దమ్మ