హాఫ్ మారథాన్‌కు పరిగెత్తే పిల్లాడి కిడ్నీలు పాడవుతాయా?

మీ బాబుకు 15 ఏళ్లు, 48 కిలోలు, హన్మకొండ జేఎన్‌ఎస్ స్టేడియంలో హాఫ్ మారథాన్‌కు (21 కిలోమీటర్ల పరుగు) ప్రాక్టీస్ చేస్తున్నాడు, పరుగయ్యాక మూత్రం ముదురు రంగులో వస్తోంది అన్నారు కదా అన్నా. ఆరోగ్యంగా ఉన్న పిల్లల కిడ్నీలను పరుగు ఒక్కటే మామూలుగా పాడుచేయదు. ఎండ, ఒంట్లో నీళ్లు తగ్గడం, నొప్పుల గోలీ ఒకే రోజు కలిస్తే గండం.

ముందు తూకం చూడండి. మూత్రానికి పోయొచ్చాక నిక్కరు మీద ఒకసారి, గంట పరిగెత్తాక చెమట తుడిచి మళ్లీ ఒకసారి. 48 కాస్తా 47.2 అయ్యి, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగి ఉంటే గంటకు 1.1 లీటర్ల చెమట పోయినట్టు. బరువు 2 శాతం, అంటే మీవాడికి దాదాపు కిలో, అంతకు మించి తగ్గకుంటే చాలు. పోయినదంతా పరుగులోనే తాగించే పని లేదు. జనవరి చలిలో తూచిన లెక్క మన మే ఎండలకు పనికిరాదు, మళ్లీ తూచాల్సిందే.

బరువు పెరిగిందంటే మాత్రం జాగ్రత్త. ఉత్త నీళ్లు లీటర్లకొద్దీ పట్టిస్తే రక్తంలో సోడియం (ఉప్పు) లీటరుకు 135 మిల్లీమోల్స్ కిందికి పడిపోవచ్చు. తలనొప్పి, వాంతులు, తికమక, ఆఖరికి ఫిట్స్. దాన్ని వడదెబ్బ అనుకొని ఇంకా నీళ్లు తాగిస్తే ప్రాణం మీదికొస్తుంది. గంట దాటిన పరుగుకు ఓఆర్ఎస్ మంచిది. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసుంటే అన్ని నీళ్లలో, మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపాలి. డబ్బాల్లోని తీపి డ్రింకులకు ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పింది. అయినా లేబుల్ చదివే కొనండి.

నాకు ఎక్కువ భయం గోలీలతోనే. నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్న నాళాలను తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వాటినే తయారు కానివ్వవు. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే నొప్పుల గోలీల్లో చాలావాటిలో పారాసెటమాల్‌తో పాటు ఇవీ కలిసి ఉంటాయి, స్ట్రిప్ వెనక పేర్లు చూడండి. పరుగుకు ముందూ వద్దు, ఆ రోజంతా వద్దు. జ్వరమో విరేచనాలో తగ్గిన మర్నాడైతే పరుగే వద్దు. నన్నడిగితే ఈ ఏడాది 10 కిలోమీటర్లతో ఆపడమే మేలు.

ముదురు పసుపు అంటే నీళ్లు చాలలేదంతే, తాగాక తేరుకోవాలి. డికాక్షన్ రంగులో వచ్చి, తొడలు వాచి విపరీతంగా నొప్పి పెడితే కండరాలు దెబ్బతిన్నట్టు, దాంతో కిడ్నీలకూ ముప్పే. అదే రోజు ఎంజీఎం లాంటి పెద్ద దవాఖానకు పోయి సీపీకే (కండరాల దెబ్బ చూపేది), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపేది), పొటాషియం రక్త పరీక్షలు చేయించాలి. ఏ ఇబ్బందీ లేకుండా, పరుగైన వెంటనే చేయించిన రిపోర్ట్‌లో క్రియాటినిన్ కొంచెం ఎక్కువగా, మూత్రంలో కాస్త ప్రొటీన్ కనిపిస్తే హైరానా పడకండి. రెండు మూడు రోజులు పరుగు ఆపి మళ్లీ చేయించండి. అప్పుడూ అలాగే ఉంటే నెఫ్రాలజిస్ట్‌కు (కిడ్నీ డాక్టర్‌కు) చూపించాలి.