టీచర్లకు మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ నిజంగా పనికొస్తుందా?

"ఒక్కరోజు శిక్షణ ఇచ్చారు, వారం తిరక్కుండానే క్లాసులో మళ్లీ అరుపులు. ఇది మన బడుల్లో పనికొస్తుందా?" అని ఒక టీచరు అడిగారు.

మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఈ క్షణంలో ఒంట్లో, మనసులో ఏం జరుగుతోందో ధ్యాసపెట్టి గమనించడం. అది పనికొస్తుంది, కానీ ఒక్కరోజులో రాదు. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన కోర్సే ఇప్పుడు మామూలుగా 8 వారాలు నడుస్తుంది. వారానికి రెండున్నర గంటల తరగతి, ఇంటి దగ్గర రోజూ సాధన. దాన్ని భోజనాల ముందు గంటన్నర పవర్‌పాయింట్‌గా కుదించి గ్రూప్ ఫొటోతో ముగిస్తే మిగిలేది సర్టిఫికెట్టే.

మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్, ఎనిమిదో తరగతి అనుకోండి. మీరు బోర్డు మీద లెక్క వేస్తుంటే వెనక బెంచీలో ఎవడో కూత పెట్టాడు, క్లాసంతా గొల్లుమంది. కోపం నోటికంటే ముందు ఒంట్లోకి వస్తుంది. దవడ బిగుస్తుంది, భుజాలు పైకి లేస్తాయి, చాక్‌పీస్ పట్టిన వేళ్లు గట్టిపడతాయి. పట్టుకోవాల్సింది అక్కడే. వెంటనే వెనక్కి తిరక్కండి. రాస్తున్న అంకె పూర్తిచేయండి. పాదాలు రెండూ నేలకు ఆనాయా చూసుకోండి. మూడు లెక్కపెట్టేంత సేపు ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టేంత సేపు వదలండి. వదిలేటప్పుడు గుండె వేగం కాస్త నెమ్మదిస్తుంది. ఇలా రెండుసార్లు చేస్తే ఇరవై సెకన్లు కూడా పట్టదు. అప్పుడు తిరిగి, గొంతు తగ్గించి, వాణ్ని పేరుపెట్టి పిలవండి. కోపం ఎక్కడికీ పోదు, ఏమనాలో తేల్చుకునే వ్యవధి మాత్రం దొరుకుతుంది.

చాలామంది చేసే తప్పు, కోపం వచ్చిన రోజే దీన్ని మొదలుపెట్టడం. పరీక్ష హాల్లో పుస్తకం తెరిచినట్టన్నమాట. ఏ గొడవా లేనప్పుడే రోజుకు నాలుగైదుసార్లు చేయాలి. గుర్తుండటానికి క్లాసు గుమ్మాన్నే ఆనవాలుగా పెట్టుకోండి. హాజరు పట్టీ తెరిచే ముందు ఒక శ్వాస. బెల్ కొట్టాక స్టాఫ్ రూమ్‌కి నడిచేటప్పుడు పది అడుగులు పాదాల మీదే ధ్యాస. గబగబా గట్టిగా పీలిస్తే తల తిరుగుతుంది, నెమ్మదిగా వదిలితే చాలు. కళ్లు మూస్తే ఆలోచనలు ముసురుకునేవాళ్లు తెరిచే ఉంచుకోవచ్చు.

ఇంకో విడ్డూరం, టీచరుకు ఇంకా అలవాటు కాకముందే పిల్లలకు నేర్పమంటారు. బ్రిటన్‌లో 11-14 ఏళ్ల పిల్లల మీద జరిగిన మిరియడ్ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. బడిలో పాఠంగా చెప్పిన మైండ్‌ఫుల్‌నెస్ వల్ల పిల్లల మానసిక ఆరోగ్యానికి అదనంగా ఒరిగిందేమీ కనపడలేదు. టీచర్ల బడలిక మాత్రం కొన్నాళ్లపాటు తగ్గింది.

అలాగని ముఖం స్కాన్ చేసి వేసే హాజరు, మధ్యాహ్న భోజనం ఫొటోలు, యాప్‌లో మార్కుల ఎంట్రీ, టీచర్ల మీద పడే ఈ పనుల భారానికి విరుగుడుగా దీన్ని చూపిస్తే అది మోసం. అరవైమంది ఉన్న సెక్షన్ శ్వాస పీలిస్తే ముప్పై అవదు. పై అధికారులు చేయాల్సింది చిన్నదే: వారానికి ఒక ఖాళీ పీరియడ్‌ని సెలవులో ఉన్న టీచరు బదులు క్లాసు తీసుకోమని లాక్కోకుండా వదిలేయడం. ఆరేడుగురు గుండ్రంగా కూర్చుని పది నిమిషాలు సాధన చేసి, మిగతా టైంలో ఆ వారం ఎక్కడ నోరు జారారో చెప్పుకోవచ్చు. హెచ్‌ఎం మాత్రం ఆ గదిలో ఉండకూడదు, ఉంటే ఒక్కరూ నోరు విప్పరు.