విదేశంలో కొన్న ల్యాప్‌టాప్‌కి ఇక్కడ రిపేరు... చెప్పిన దానికి మూడింతల బిల్లు!

ప్రశ్న: మా అన్నయ్య అమెరికాలో కొని నాకిచ్చిన ల్యాప్‌టాప్‌కి పదకొండు నెలలకే డిస్‌ప్లే పోయింది. ఇన్‌వాయిస్ అన్నయ్య పేరు మీదే ఉంది. కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, 'బయటి దేశంలో కొన్నారు కాబట్టి ఇక్కడ వారంటీ రాదు, డబ్బు కట్టి చేయించుకోండి' అన్నారు. డిస్‌ప్లే మార్చడానికి ఎంతవుతుందో వాట్సాప్‌లో పంపితే సరేనన్నాను. రెండు వారాల తర్వాత ఫోన్ చేసి, మదర్‌బోర్డు కూడా మార్చామంటూ అంతకు మూడింతల బిల్లు చెప్పారు. అందులో 'ఇంటర్నేషనల్ యూనిట్ హ్యాండ్లింగ్' అని ఒక చార్జీ కూడా ఉంది, జీఎస్టీ అదనం. మొత్తం కడితేనే ల్యాప్‌టాప్ ఇస్తారట. నెలలోగా తీసుకెళ్లకపోతే మా బాధ్యత లేదంటున్నారు. నేను ఇంటి నుంచే అకౌంట్స్ పనులు చేసుకుంటాను. అది లేక పని ఆగిపోయి టెన్షన్‌గా ఉంది. విదేశంలో కొన్న వస్తువు మీద ఇక్కడ కేసు వేయొచ్చా? ఆ బిల్లంతా కట్టాల్సిందేనా?
– పేరు రాయవద్దన్న ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు గొడవలు కలిసిపోయి ఉన్నాయి. సర్వీస్ సెంటర్ వాళ్లు కూడా వాటిని కలిపేసే మిమ్మల్ని బెదరగొడుతున్నారు. ఒకటి వారంటీ. అది మీ అన్నయ్య అక్కడ కొన్నప్పుడు కుదిరిన ఒప్పందం. రెండోది రిపేరు. అది మీరు ఇక్కడ, డబ్బిస్తానని ఒప్పుకుని చేయించుకున్న పని. వస్తువు ఎక్కడ కొన్నారన్నది మొదటి దాంట్లో ముఖ్యం. రెండో దాంట్లో ఆ ప్రశ్నే రాదు. 'బయట కొన్నది కదా, మీకు ఇక్కడ హక్కులేం ఉంటాయి' అని కౌంటర్‌లో ఎవరన్నా అంటే, వారంటీ గురించి అంటున్నారా, బిల్లు గురించి అంటున్నారా అని అడగండి.

వారంటీ సంగతి త్వరగా తేల్చుకోవాలి, ఎందుకంటే అది ఏడాది వారంటీ అయితే మీకు ఇంక రెండు వారాలకు మించి మిగల్లేదు. పెట్టెలో వచ్చిన వారంటీ పత్రం, లేదా సీరియల్ నంబరు కొడితే కంపెనీ సైట్‌లో కనిపించే వివరాలు చూడండి. కొన్ని కంపెనీలు ల్యాప్‌టాప్‌లకు అంతర్జాతీయ వారంటీ ఇస్తాయి. ఫోన్లు, టీవీల విషయంలో మాత్రం కొన్న దేశానికే పరిమితం అని రాయడం ఎక్కువ. మీ పత్రంలో ఏ దేశంలోనైనా వర్తిస్తుందని ఉంటే, 'ఇక్కడ రాదు' అన్న మాట తప్పు, డబ్బు అడగడమూ తప్పే. కొన్న దేశానికే పరిమితమని ఉంటే మాత్రం, ఇక్కడి కంపెనీ ఉచితంగా చేయలేదని కేసు వేస్తే నిలబడటం కష్టం. ఒకే బ్రాండ్ పేరున్నా అక్కడ అమ్మిన కంపెనీ వేరు, ఇక్కడ రిజిస్టరైన కంపెనీ వేరు. ఆ మాట వాళ్ల లాయరు మొదటి వాయిదాలోనే చెబుతాడు. అక్కడి దుకాణం మీద ఇక్కడ కేసు వేసి గెలిచినా, ఆ ఆర్డరును ఆ దేశంలో అమలు చేయించడం మీరు పడే శ్రమకు తగింది కాదు.

ఏదేమైనా, ఏ కారణంతో వారంటీ నిరాకరిస్తున్నారో రాతపూర్వకంగా ఇమ్మని ఈరోజే కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. ఇన్‌వాయిస్ కాపీ, సీరియల్ నంబరు, లోపం కనబడిన తేదీ అందులో రాయండి. వారంటీ గడువు దాటకముందే ఫిర్యాదు చేశారన్న సాక్ష్యం మీ దగ్గర ఉంటుంది. అన్నయ్య ఏ క్రెడిట్ కార్డుతో కొన్నారో కూడా అడగండి. అక్కడి కొన్ని కార్డులకు అదనపు వారంటీ సదుపాయం ఉంటుంది, చాలామంది దాన్ని మర్చిపోతారు. ఇన్‌వాయిస్ మీ పేరు మీద లేదని దిగులు వద్దు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(7) ప్రకారం, కొన్నవారి అనుమతితో వాడుకునేవారు కూడా వినియోగదారులే. పైగా రిపేరు జాబ్ షీట్ (ల్యాప్‌టాప్ అప్పగించినప్పుడు వాళ్లు రాసిచ్చిన కాగితం) ఎలాగూ మీ పేరు మీదే ఉండి ఉంటుంది.

ఇక అసలు విషయం, బిల్లు.

డబ్బు తీసుకుని చేసే రిపేరు చట్టం దృష్టిలో 'సేవ'. ఆ సేవ పొందిన మీరు వినియోగదారు. మీరు అకౌంట్స్ పనులకు వాడుతున్నారు కాబట్టి 'ఇది వాణిజ్య అవసరం, మీరు వినియోగదారు కారు' అని వాళ్లు వాదించవచ్చు. జీవనోపాధి కోసం స్వయంగా పని చేసుకునేవారికి ఆ అభ్యంతరం వర్తించదని అదే సెక్షన్ వివరణలో ఉంది. 'ఇంటి నుంచే అకౌంట్స్ పనులు చేసుకుంటాను' అని మీ ఉత్తరంలో రాసిన వాక్యాన్ని ఫిర్యాదులో కూడా తప్పకుండా రాయండి.

మీకూ వాళ్లకూ కుదిరిన ఒప్పందం ఏమిటి? డిస్‌ప్లే మారుస్తారు, వాట్సాప్‌లో పంపినంత కడతారు. అంతే. మదర్‌బోర్డు ఆ ఒప్పందంలో లేదు. అయితే ఇక్కడ ఒక పని చేయాలి. జాబ్ షీట్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న నిబంధనలు చదవండి. అదనపు లోపం కనబడితే ముందు వినియోగదారు ఆమోదం తీసుకుంటామని ఉంటే వాళ్ల కాగితమే మీకు సాక్ష్యం. అడగకుండానే చేస్తామని ఉంటే, దాని కింద మీ సంతకం ఉంటే, మీ వాదన నిలబెట్టడం కాస్త కష్టమవుతుంది. అలాంటి షరతును అన్యాయమైన కాంట్రాక్టుగా కొట్టేయమని అడగాలంటే రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. ఆ అధికారం జిల్లా కమిషన్‌కు లేదు. అందుకే నేనైతే ఆ దారి పట్టకుండా, సేవా లోపం, అనుచిత వాణిజ్య విధానం అన్న రెండు మాటల మీదే జిల్లా కమిషన్‌లో నిలబడతాను.

'బోర్డు మార్చబట్టే కదా మీ ల్యాప్‌టాప్ పనిచేస్తోంది, లాభం పొంది డబ్బు కట్టరా?' అని వాళ్లు అడుగుతారు. ఇది ఊరికే అనే మాట కాదు, దీనికి చట్టంలో ఆధారం ఉంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 70 ప్రకారం, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పని వల్ల మీరు ప్రయోజనం పొందితే, దానికి పరిహారం ఇవ్వాలి, లేదా ఆ వస్తువు తిరిగి ఇచ్చేయాలి. ఆ 'లేదా' తర్వాత ఉన్నదే మీకు ఆసరా. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం, బి.కె. మండల్ అండ్ సన్స్ మధ్య నడిచిన కేసులో (ఎ.ఐ.ఆర్. 1962 సుప్రీంకోర్టు 779) సర్వోన్నత న్యాయస్థానం ఈ సెక్షన్‌ను వివరిస్తూ, అవతలివారికి వద్దనే స్వేచ్ఛ, తిరిగి ఇచ్చే స్వేచ్ఛ ఉంటాయని, అలా తిరస్కరిస్తే సెక్షన్ వర్తించదని చెప్పింది. కాబట్టి మీరు ల్యాప్‌టాప్ తీసుకుని వాడటం మొదలుపెట్టక ముందే రాతలో చెప్పండి: 'కొత్త బోర్డు నేను కోరలేదు. దాన్ని తీసేసి నా పాత బోర్డు బిగించి ఇవ్వండి.' హాయిగా నెలల తరబడి వాడుకుని ఆ తర్వాత 'నేను అడగలేదు' అంటే కమిషన్ సభ్యులు కూడా కనుబొమలెత్తి చూస్తారు.

పాత బోర్డు అడగమని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. డిస్‌ప్లే వెలగకపోవడానికి ప్యానెల్ పాడవడం ఒక కారణమైతే, దానికి సిగ్నల్ పంపే బోర్డు పాడవడం ఇంకో కారణం, మధ్యలో ఉండే సన్నటి కేబుల్ మూడో కారణం. లోపం బోర్డులోనే ఉంటే ప్యానెల్ ఎందుకు మార్చినట్టు? ప్యానెల్‌లోనే ఉంటే బోర్డు ఎందుకు మార్చినట్టు? రెండూ ఒకేసారి పోవచ్చు, కాదనను. కానీ దానికి టెక్నీషియన్ రాసిన పరీక్షా నివేదిక ఉండాలి. ఆ నివేదిక, తీసేసిన రెండు భాగాలు, కొత్త భాగాల సీరియల్ నంబర్లున్న బిల్లు, ఈ మూడూ అడగండి. 'పాత భాగాలు కంపెనీకి వెనక్కి పంపేశాం' అంటే, ఎక్స్‌ఛేంజ్ పద్ధతిలో మారుస్తామని జాబ్ షీట్‌లో ఎక్కడ ఉందో చూపించమనండి. మొదట చేసిన నిర్ధారణే తప్పని తేలితే, మీరు ఒప్పుకున్న డిస్‌ప్లే డబ్బు గురించి కూడా ప్రశ్నించవచ్చు.

'ఇంటర్నేషనల్ యూనిట్ హ్యాండ్లింగ్' చార్జీ నాకైతే వట్టి బాదుడులా కనిపిస్తోంది. ఎస్టిమేట్‌లో లేదు, ముందు చెప్పలేదు, ఏ పని చేసినందుకో బిల్లులో లేదు. ఇలాంటి మోడల్‌కు భాగాలు ఇక్కడ దొరక్క బయటి నుంచి తెప్పించిన మాట నిజమే అయితే, ఆ ఖర్చు సమంజసమే కావచ్చు. కానీ అది ముందే చెప్పి, మీరు సరేనన్న తర్వాత తెప్పించాలి. కస్టమ్స్ సుంకం కట్టామంటే ఆ దిగుమతి కాగితం చూపించమనండి. జీఎస్టీ విషయంలో మాత్రం గొడవ పెట్టుకోవద్దు. రిపేరు సేవలకు 18 శాతం జీఎస్టీ ఉంది, ఎస్టిమేట్‌లో 'పన్నులు అదనం' అని ఉంటే అది కట్టాల్సిందే. బిల్లు మీద వాళ్ల జీఎస్టీ నంబరు ఉందో లేదో చూసుకోండి, చాలు. అసలు బిల్లే ఇవ్వబోమంటే అది విడిగా అనుచిత వాణిజ్య విధానం కిందికి వస్తుంది.

'కడితేనే ఇస్తాం' అనే హక్కు వాళ్లకు ఉందా? కొంత ఉంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం, మీరు అప్పగించిన వస్తువు మీద శ్రమో నైపుణ్యమో పెట్టి పనిచేసినవారు, తమకు న్యాయంగా రావలసిన సొమ్ము అందేదాకా దాన్ని అట్టిపెట్టుకోవచ్చు. చట్టమే ఇచ్చిన ఉదాహరణలో, సాన పట్టమని ఇచ్చిన ముడి వజ్రాన్ని కూలి అందేదాకా తన దగ్గరే ఉంచుకునే హక్కు నగల వ్యాపారికి ఉంది. కానీ ఆ హక్కు న్యాయంగా రావలసిన సొమ్ము వరకే. మీరు అడగని పనికీ, పేరుపెట్టి కలిపిన చార్జీలకూ అది పాకదు. అందుకే డిస్‌ప్లే మొత్తం, దాని మీద జీఎస్టీ ఇప్పుడే కట్టడానికి సిద్ధమని ఈమెయిల్‌లో రాయండి. ఆ తర్వాత కూడా వస్తువు ఇవ్వకపోతే తప్పు పూర్తిగా వాళ్ల వైపు వెళ్తుంది. ఈ మధ్యలో దానికి ఏదైనా జరిగితే సెక్షన్ 161 ప్రకారం బాధ్యత వాళ్లదే. నెల దాటితే తమకు సంబంధం లేదన్న బెదిరింపు, మీరిలా రాసి పెట్టాక పెద్దగా పనిచేయదు.

మీ పని ఆగిపోయింది, వాదించే ఓపిక లేదు అనుకుంటే, అభ్యంతరం నమోదు చేసి మొత్తం కట్టి తెచ్చుకోండి. ఇది ఓటమి కాదు. అదే చట్టం సెక్షన్ 72 బలవంతం మీద చెల్లించిన డబ్బు తిరిగి ఇవ్వాలంటుంది. అక్కడి ఉదాహరణ మీ కథ లాంటిదే: రైల్వే కంపెనీ అక్రమ చార్జీ కడితేనే సరుకు ఇస్తానంటుంది, సరుకుదారు కట్టి తీసుకుంటాడు, ఎక్కువ తీసుకున్న మేరకు తిరిగి వసూలు చేసుకునే హక్కు అతనికి ఉంటుంది. కాకపోతే నోరు మూసుకుని కట్టకూడదు. నగదు వద్దు, యూపీఐ గానీ కార్డు గానీ వాడండి. కట్టే ముందు ఈమెయిల్‌లోనూ, బిల్లు కాపీ మీద చేత్తోనూ ఈ వాక్యం రాయండి: 'మదర్‌బోర్డు, హ్యాండ్లింగ్ చార్జీలకు నేను ఆమోదం ఇవ్వలేదు. ల్యాప్‌టాప్ ఇవ్వనన్నందువల్ల మాత్రమే అభ్యంతరంతో చెల్లిస్తున్నాను. తిరిగి రాబట్టుకునే హక్కు నాకుంది.' డెలివరీ స్లిప్ మీద 'సేవతో సంతృప్తి చెందాను' అని ముందే అచ్చువేసి ఉంటుంది. దాన్ని కొట్టేసి సంతకం పెట్టండి. అక్కడే ఆన్ చేసి చూసుకోండి, మీ ఫైళ్లు ఉన్నాయో లేదో కూడా.

బోర్డు వెనక్కివ్వడం, అభ్యంతరంతో కట్టడం అనే ఈ రెంటిలో ఏది ఎంచుకోవాలన్నది మీ పని తొందర మీద ఉంటుంది. రెండోది ఎంచుకుంటే కొత్త బోర్డు మీ దగ్గరే ఉంటుంది కాబట్టి దాని ధర మొత్తం తిరిగి వస్తుందని ఆశించవద్దు. సమంజసమైన విలువ మినహాయించి మిగతాది ఇప్పించే అవకాశమే ఎక్కువ.

ఫిర్యాదుకు మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అది కోర్టు కాదు, ఆర్డరు వేయలేదు. కానీ కంపెనీ పెద్ద ఆఫీసుకు విషయం చేరుతుంది, కౌంటర్‌లో మొండికేసినవాళ్లు అక్కడి నుంచి ఫోన్ వస్తే దిగొస్తారు. అలా దిగిరాకపోతే పదిహేను రోజుల గడువుతో నోటీసు ఇవ్వండి, చట్టప్రకారం తప్పనిసరి కాకపోయినా ఇస్తేనే మంచిది. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపుంటే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. ఇ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేసుకోవచ్చు, లాయరు కూడా తప్పనిసరి కాదు. సర్వీస్ సెంటర్‌ను, ఆ బ్రాండ్ భారతీయ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. మూడు నెలల్లో, వస్తువును ల్యాబ్‌లో పరీక్షించాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఆచరణలో ఎక్కువే పడుతుంది. మానసిక వేదనకు లక్షలు వస్తాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఎక్కువ తీసుకున్న సొమ్ము, దాని మీద వడ్డీ, కొంత పరిహారం, ఖర్చులు అడగండి.

మీ కేసంతా ఆ వాట్సాప్ మెసేజ్ మీద నిలబడి ఉంది. స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంచుకుని చాట్ చెరిపేయకండి. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, ఆ ఫోన్ మార్చే ఆలోచన ఉంటే కొన్నాళ్లు ఆపండి. వాళ్లు ఇంకేమైనా ఫోన్‌లో చెబితే, 'మీరిప్పుడు ఫోన్‌లో ఇలా అన్నారు' అని వెంటనే అదే చాట్‌లో రాసి పంపండి.